కాలవ కట్టేసే ముందు

గత సెమిస్టర్‌లో ఒక ఆదివారం రాత్రి 10 గంటలకి మా అసైన్‌మెంట్ సర్వర్‌ని ఆపింది మేమే. మేమంటే సిస్టమ్స్ ల్యాబ్‌లో వాలంటీర్లుగా పనిచేసే నలుగురం. పాత సర్వర్ మీదున్నదంతా కొత్తదానికి మార్చాలి. టైమ్ ఎంచింది నేనే. మూడు నెలల లాగ్స్ తీసి సగటు చూశాను. వారం మొత్తంలో ఆదివారం రాత్రే వాడకం తక్కువ. లెక్క కరెక్టే. కానీ ఆ ఒక్క ఆదివారం రాత్రి 11:59కి ఒక రికార్డు గడువు ఉందని సగటు నాకు చెప్పలేదు.

రెండు గంటల్లో అయిపోతుందన్నాం. తెల్లారి 4 అయింది. గడువు సోమవారం ఉదయం 10 దాకా పెంచారు. ల్యాబ్‌లో అన్ని సిస్టమ్స్‌లో పేజీ తెరుచుకుంది, మేం వెళ్లి పడుకున్నాం. అయితే ఊరినుంచి బస్సులో వచ్చే ఒక క్లాస్‌మేట్‌కి ఇంటి దగ్గర పేజీ రాలేదు. కాలేజీకి చేరేసరికి 10 దాటింది. అయిదు మార్కులు పోయాయి. మిగతావాళ్లందరికీ వచ్చింది కాబట్టి అతను చెప్పింది సాకు అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను.

వేసవి సెలవుల్లో ఇంటికెళ్లి ఇదంతా తాతయ్యకి చెప్పాను. మాది కోనసీమలో నగరం. కాలవలు కట్టేసిన రోజులవి. అంతా విని ఆయన ఒకటే అడిగారు: "నీళ్లు వదిలారు సరేరా, శివారుకి అందాయో లేదో ఎవరు చూశారు?"

ఆ ప్రశ్న పట్టుకుని ఆలోచిస్తే, సర్వర్లు ఆపడం గురించి నాకు తెలియాల్సినవన్నీ మా ఇంటి ముందు కాలవలోనే ఉన్నాయి.

ఆపడం ఎందుకు?

గోదావరి డెల్టా కాలవల్ని ఏటా, మామూలుగా ఏప్రిల్ మధ్యలో ఆపి, జూన్ మొదట్లో మళ్లీ వదులుతారు. తేదీలు కాస్త అటూ ఇటూ అవుతాయి. ఈలోగా పూడిక తీస్తారు, గుర్రపుడెక్క తొలగిస్తారు, లాకులు, షట్టర్లు బాగుచేస్తారు. నీళ్లు నిండుగా పారుతుంటే ఈ పనులు సరిగ్గా అవ్వవు.

కంప్యూటర్లలోనూ అంతే. 2021 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ సూపర్‌కంప్యూటర్‌లో బ్యాకప్ స్క్రిప్టు ఒకటి నడుస్తూ ఉండగానే దాని మీద కొత్త స్క్రిప్టు పెట్టారు. సగం పాతది, సగం కొత్తది అయిపోయి, పాత లాగ్స్ చెరపాల్సిన కమాండ్ పరిశోధకుల ఫైళ్లని చెరిపేసింది. సుమారు 77 టెరాబైట్లు పోయాయి. కాబట్టి ఆపడం తప్పు కాదు. ఎలా ఆపుతున్నాం అన్నదే విషయం.

ఎప్పుడు ఆపాలి?

కాలవ కట్టే తేదీని కాలవని చూసి పెట్టరు, పంటని చూసి పెడతారు. దాళ్వా వరి ఏ దశలో ఉంది, ఇంకా ఎన్ని తడులు కావాలి అన్నవి లెక్కలోకొస్తాయి. కలెక్టర్ ఆధ్వర్యంలో నీటిపారుదల సలహా మండలి కూర్చుని మాట్లాడుతుంది. పెద్ద ఐటీ సంస్థల్లోనూ ఇలాంటిదే ఉంటుంది. దాన్ని ఛేంజ్ అడ్వైజరీ బోర్డు అంటారు. రెండిటి పేర్లోనూ 'సలహా' ఉండటం నాకు భలే నచ్చింది. నేను లాగ్స్‌ని అడిగాను గానీ, ఏ సబ్జెక్టు మేడమ్‌నీ "ఈ వారం మీ గడువు ఏమైనా ఉందా" అని అడగలేదు.

ఇంకోటి, కట్టేసే ముందు ఊళ్లలో మంచినీటి చెరువులు నింపుకోమంటారు. అంటే ముందే చెప్పడం ఒక్కటే చాలదు, ఆ వ్యవధిలో జనం ఏదో చేసుకోగలగాలి. మేము శనివారం సాయంత్రం ల్యాబ్ బోర్డు మీద నోటీసు అంటించాం. అప్పటికి బస్సులు వెళ్లిపోయాయి. వారం ముందే చెప్పి, ప్రశ్నపత్రం డౌన్‌లోడ్ చేసుకోమని, గడువు లోపు పంపడానికి ఒక ఈమెయిల్ ఇచ్చి ఉంటే అదే మా చెరువు అయ్యేది.

దేని మీద ఏది ఆధారపడింది?

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినా, నగరం లంకకి నీళ్లు రావాలంటే మధ్యలో వైనతేయ పాయ అడ్డం. దాన్ని దాటించడానికే పి.గన్నవరం దగ్గర 49 తోరణాల అక్విడక్టు కట్టారు. మా వైపు పొలాలకి ఆ వంతెన మీదుగా వచ్చే నీళ్లే ఆధారం. తర్వాత కొత్తదాన్ని పాతదాని పక్కనే కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

మన క్యాంపస్‌లో అలాంటి అక్విడక్టు లాగిన్ సర్వర్. అది ఆగితే లైబ్రరీ, వైఫై, ల్యాబ్ అన్నీ ఎండిపోతాయి. ఏదైనా ఆపేముందు దాని కింద ఎవరెవరు ఉన్నారో కాగితం మీద గీసుకోవాలి. వెనక్కి తిరిగే టైమ్ కూడా ముందే రాసుకోవాలి. "12 లోపు కాకపోతే పాత సర్వర్‌నే ఆన్ చేస్తాం" అని మేం రాసుకోలేదు. అందుకే 4 దాకా "ఇంకో అరగంట" అనుకుంటూ కూర్చున్నాం.

ఎప్పుడు అయిపోయినట్టు?

బొబ్బర్లంకలో గేట్లు ఎత్తిన రోజునే శివారు చేలకి నీళ్లు రావు. అందడానికి రోజులు పడుతుంది. మా క్లాస్‌మేట్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. సర్వర్ మారినప్పుడు దాని ఐపీ అడ్రస్ కూడా మారింది. పేరుని అడ్రస్‌గా మార్చి చెప్పే డీఎన్ఎస్ జవాబుకి ఒక గడువు ఉంటుంది, దాన్ని టీటీఎల్ అంటారు. మాది 86,400 సెకన్లు, అంటే ఒక రోజు. క్యాంపస్‌లో డీఎన్ఎస్ మాదే కాబట్టి వెంటనే మార్చేశాం. బయట అతని నెట్‌వర్క్ మాత్రం దాచుకున్న పాత అడ్రస్‌నే చెబుతోంది. కనీసం ఒక రోజు ముందే ఆ సంఖ్యని 300కి తగ్గించి ఉంటే, మార్చిన అయిదు నిమిషాల్లో కొత్త అడ్రస్ వెళ్లేది. ఒక్క లైను పని.

ఏడాదికి 99.9 శాతం సర్వీసు అంటే దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగొచ్చు. మేం ఆపింది 6 గంటలే. రిపోర్టులో మేం పాసయ్యాం. అతని లెక్కలో మాత్రం ఆ సర్వర్ ఇంకా వెనక్కి రాలేదు.

సెలవులయ్యాక అతని దగ్గరికెళ్లి తప్పు నాదని చెప్పాను, మేడమ్‌కి రాసిచ్చాను. మార్కులు తిరిగొచ్చాయి. ఇప్పుడు మా చెక్‌లిస్టులో చివరి లైను "శివారు చూశారా?" అది టిక్ అయితేనే పని అయినట్టు. మొన్న సర్వర్ ఆపినప్పుడు ఆ టిక్ పెట్టింది అతనే, ఇంటినుంచి, తన ఫోన్‌లో చూసి.