ఫైబరా.. 5జీనా.. శాటిలైటా? పల్లె ఇంటర్నెట్‌పై వేల కోట్ల పందెం.. జనగామ నుంచి భూపాలపల్లి దాకా నిలిచేది ఏది?

ఇంటికి ఇంటర్నెట్ ఇప్పుడు మూడు దారుల్లో వస్తోంది. ఒకటి ఫైబర్ కేబుల్. రెండోది 5జీ టవర్ నుంచి వచ్చే ఎయిర్‌ఫైబర్. మూడోది శాటిలైట్. మూడింటిపైనా వేల కోట్లు కుమ్మరిస్తున్నారు. మరి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏది గిట్టుబాటవుతుంది? లెక్క తప్పితే నష్టం ఎవరికి?

మూడు జిల్లాలు.. మూడు లెక్కలు

జనగామ హైదరాబాద్-వరంగల్ హైవే మీద ఉంది. రైల్వే లైనూ ఉంది. ఇలాంటి చోట కేబుల్ వేస్తే కనెక్షన్లకు కొదవుండదు. మహబూబాబాద్ టౌన్ రైల్వే లైన్ మీదే ఉన్నా, కొత్తగూడ, గంగారం వైపు వెళ్తే అడవి, దూరం దూరంగా తండాలు, గూడేలు. భూపాలపల్లిలో ఒకవైపు సింగరేణి గనులు, థర్మల్ పవర్ ప్లాంట్. మరోవైపు మహదేవపూర్, పలిమెల మీదుగా గోదావరి దాకా అడవే.

కిలోమీటర్ తవ్వితే ఎన్ని ఇళ్లు వస్తాయి? కంపెనీలు చూసేది ఇదే. ఇళ్లు తక్కువైన చోటికి ప్రైవేటు డబ్బు అంత తేలిగ్గా రాదు.

ఫైబర్: ఖర్చంతా తవ్వకానికే

ఫైబర్‌లో కేబుల్ ధర కంటే తవ్వకం ఖర్చే ఎక్కువ. అందుకే తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపులు వేసేటప్పుడే టీ-ఫైబర్ కోసం డక్ట్‌లు కూడా వేశారు. 2024 డిసెంబర్‌లో కొన్ని గ్రామాల్లో పైలట్‌గా సేవలు మొదలయ్యాయి. నెలకు రూ.300కే 20 ఎంబీపీఎస్ అని సర్కారు ప్రకటించింది.

కేంద్రం భారత్‌నెట్ కోసం 2023 ఆగస్టులో రూ.1,39,579 కోట్లు ఆమోదించింది. పాత పద్ధతిలో కేబుల్ ఒక్క చోట తెగితే ఆ లైన్లో అవతలున్న ఊళ్లన్నీ బందే. కొత్త ప్లాన్‌లో రింగ్ పద్ధతి పెట్టారు. ఒకవైపు తెగినా రెండో వైపు నుంచి నెట్ వస్తుంది.

5జీ: తొందరగా వస్తుంది.. కానీ

2022 స్పెక్ట్రమ్ వేలంలో కంపెనీలు దాదాపు రూ.1.5 లక్షల కోట్లకు బిడ్లు వేశాయి. ఇందులో జియో వాటానే రూ.88,078 కోట్లు. 2023లో ఎయిర్‌టెల్, జియో ఎయిర్‌ఫైబర్ తెచ్చాయి. ఇంటిదాకా తవ్వే పని లేదు.

ఇక్కడే మెలిక ఉంది. టవర్‌కు కూడా వెనకనుంచి ఫైబర్ కావాలి. అది లేకపోతే మైక్రోవేవ్ లింక్‌తో నెట్టుకు రావాలి. జనం పెరిగేకొద్దీ స్పీడ్ పడిపోతుంది. అంటే 5జీ, ఫైబర్ పైకి పోటీదారులు.. లోపల ఒకదాని మీద ఒకటి ఆధారం.

శాటిలైట్: చివరి గూడెం కోసం

స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో కేంద్రం లైసెన్స్ ఇచ్చింది. దీని శాటిలైట్లు భూమికి దగ్గరి కక్ష్యలో తిరుగుతాయి. అడవైనా, గుట్టైనా ఆకాశం కనిపిస్తే చాలు. కానీ ఒక్కో శాటిలైట్ ఆయుష్షు దాదాపు ఐదేళ్లే. ఆ తర్వాత మళ్లీ కొత్తవి పంపాలి. అదే ఫైబర్ పాతికేళ్లు నిలుస్తుంది.

పాత పందేలు ఏమయ్యాయి?

2002 చివర్లో రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లతో వచ్చింది. దేశం మాత్రం జీఎస్ఎం వైపు వెళ్లింది. 2010లో బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్ వేలం నాటికి వైమాక్స్ పేరు మార్మోగింది. చివరికి గెలిచింది 4జీ ఎల్టీఈ. ఓడిన టెక్నాలజీల పెట్టెలు మూలన పడ్డాయి. భూమిలో వేసిన ఫైబర్ మాత్రం ఏ టెక్నాలజీ వచ్చినా పనికొస్తూనే ఉంది.

అందుకే ప్రజల డబ్బుకు భద్రమైన చోటు ఊరిదాకా వేసే ఫైబరే. అక్కడి నుంచి ఇంటిదాకా తీగా, గాలా అన్నది ఊరిని బట్టి తేల్చుకోవచ్చు. శాటిలైట్ ఆ రెండూ చేరని గూడేలకు. అయితే ఫైబర్ వేయడంతోనే పని అయిపోదు. రోడ్డు పనుల్లో జేసీబీ కేబుల్ తెంపితే గంటల్లో అతికించే మనిషి ఉండాలి. ఆ మెయింటెనెన్స్ ఖర్చు పెట్టకపోతే పెట్టిన కోట్లు మట్టిలోనే ఉండిపోతాయి.

కనెక్షన్ తీసుకునే ముందు ఇవి అడగండి

* తెగితే ఎన్ని గంటల్లో బాగు చేస్తారు?
* సాయంత్రం రద్దీ వేళ స్పీడ్ ఎంత?
* కరెంట్ పోతే నెట్ ఉంటుందా?
* రూటర్‌కు, ఫిట్టింగ్‌కు వేరే డబ్బులు కట్టాలా?