దొరల కుర్చీ, మన ఉలి

మీ ఇల్లు ఉరుకుందలో ఉన్నదనుకోండి. శ్రావణమాసంలో ఈరన్నస్వామి దర్శనానికని చుట్టాలు దిగారు. ఇంట్లో కుర్చీలు చాలవు. అప్పుడు అమ్మ ఏం చేస్తుంది? చాప పరుస్తుంది, పీట వేస్తుంది, నులకమంచం వాలుస్తుంది. ఎందరు వచ్చినా చోటు దొరుకుతుంది.

మన ఇళ్లలో చాలాకాలం కూర్చోవడమంటే ఇదే. సామాను పెట్టుకోవడానికి గోడలో గూళ్లు ఉండేవి. ఎమ్మిగనూరులో గుంటమగ్గం చూశారా? నేతగాడు నేలమట్టాన కూర్చుని, కాళ్లు గుంటలోకి జారవిడిచి మగ్గం తొక్కుతాడు. ఆయన పనికి కుర్చీతో అవసరమే లేదు.

మరి మన ఇంట్లోకి కుర్చీ, బీరువా ఎలా వచ్చాయి? వాటి పేర్లనే అడుగుదాం. "కుర్చీ" అరబ్బీ మాట. "అలమార" పోర్చుగీసు మాట. "బీరువా" ఇంగ్లీషు "బ్యూరో" నుంచి వచ్చింది. మనవైపు నుంచి కూడా మాటలు వెళ్లాయి సుమా! హిందీ "ఖాట్" ఇంగ్లీషులో "కాట్" అయింది. మూడు కాళ్ల "తిపాయి" దొరల నోట "టీపాయ్" అయింది. పేరు విని అది టీ తాగే బల్ల అనుకున్నారు. నిజానికి దానికీ తేయాకుకూ ఏ సంబంధమూ లేదు!

1800లో నిజాం ప్రభువు ఆదోనితో సహా దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. వాటికి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గుడారాలలో మకాం చేస్తూ ఊరూరా తిరిగాడు. ఇలా తిరిగే దొరలకోసం ఇంగ్లీషు వడ్రంగులు మడిచే కుర్చీలు, రెండు ముక్కలుగా విడదీసే పెట్టెలు చేసేవారు. నేలమీద కూర్చునే అలవాటు వారికి లేదు మరి!

ఆ దొరల దేశంలో మాత్రం కుర్చీ ఎప్పుడూ ఒకేలా ఉన్నదా? లేదు. మొదట ఓక్ కర్రతో బరువైన సామాను చేసేవారు. 1702 నుంచి 1714 వరకు ఏలిన ఆన్ రాణి కాలానికి వాల్‌నట్ కర్ర వచ్చింది. కుర్చీ కాళ్లు మెలి తిరిగి నాజూకయ్యాయి. తరువాత వెస్టిండీస్ దీవుల నుంచి మహాగని కర్ర వచ్చింది. అది గట్టిది, నున్ననిది, సన్నని చెక్కడానికి అనువైనది. 1754లో థామస్ చిప్పెన్‌డేల్ అనే లండన్ వడ్రంగి తన నమూనాలన్నీ బొమ్మలతో పుస్తకంగా అచ్చువేశాడు. ఇంకేం, ఏ దేశపు పనివాడైనా వాటిని చూసి చేయవచ్చు. కొన్నాళ్లకు రాబర్ట్ ఆడమ్ అనే శిల్పి పాత రోము నగరపు తీరును అనుసరించి, గోడలూ, పైకప్పూ, కుర్చీలూ అన్నీ ఒకదానికొకటి పొందికగా ఉండేటట్లు గదులు తీర్చాడు.

ఇక మన తెలుగువారి సంగతి వినండి. విశాఖపట్నంలో కంపెనీ వర్తకులు స్థిరపడ్డారు. అది రేవు పట్టణం. బర్మా నుంచి ఏనుగుదంతం ఓడలలో వచ్చేది. దొరలు తమ దేశపు కుర్చీని చూపి, "ఇలాంటిది చెయ్యి" అనేవారు. మన పనివారు టేకు, ఇరుగుడు వంటి కర్రలతో అచ్చం అలాగే చేసేవారు. కాని అంతటితో ఆగేవారు కాదు. కర్రలో తొలిచి దంతపు ముక్కలు పొదిగేవారు. ఆ దంతంమీద సన్నని ఉలితో పూలూ తీగెలూ గీసి, గీతలలో నల్లని లక్క నింపేవారు. ఆ తీగెలు మన కోస్తా అద్దకపు బట్టల అంచుల మాదిరిగా ఉంటాయి. కుర్చీ ఆకారం ఇంగ్లండుది, అలంకారం మనది!

మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర ఇలాంటి దంతపు కుర్చీలు ఉండేవి. 1781లో ఆయన సామాను వేలానికి వచ్చినప్పుడు ఇంగ్లండు రాజు మూడవ జార్జి వాటిని కొని, తన రాణి షార్లెట్‌కు ఇచ్చాడు. లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో విశాఖ పనివారి సామాను ఈనాటికీ ఉన్నది.

ఇంత అందం వెనక బాధ కూడా ఉన్నది. జమైకా అడవులలో మహాగని మానులను నరికినవారు బానిసలు. దంతంకోసం ఏనుగుల ప్రాణాలు పోయాయి. 1989లో ప్రపంచదేశాలు కలిసి ఏనుగుదంతపు విదేశీ వ్యాపారాన్ని నిషేధించాలని నిర్ణయించాయి. ఇంకొక సంగతి: చిప్పెన్‌డేల్ పేరు లోకమంతా ఎరుగును. రాణి మెచ్చిన కుర్చీలు చేసిన మన విశాఖ పనివారి పేర్లు మాత్రం మనకు దక్కలేదు.

ఈసారి మీరు ఆదోనిలోనో, మరే ఊరిలోనో పాత కర్ర కుర్చీని చూస్తే, ఊరికే కూర్చుని లేవకండి. వంగి దాని కాళ్లు చూడండి. తిన్నగా ఉన్నాయా, మెలి తిరిగాయా? మేకులు కొట్టారా, లేక కుసి చెక్కి బెజ్జంలో బిగించారా? పక్కనే వడ్రంగి ఉంటే అడగండి, చెబుతాడు. వచ్చేటప్పుడు ఆయన పేరు కూడా తెలుసుకుని రండి.