కాక్లియర్ ఇంప్లాంట్ – తెలుగు ధ్వనిభేదాలు: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
మానవ నాడీవ్యవస్థకు ఎలక్ట్రానిక్ పరికరాన్ని అనుసంధానించే ప్రయత్నాలలో విశేషంగా సఫలమైనది కాక్లియర్ ఇంప్లాంట్. 1957లో పారిస్‌లో జూర్నో, ఎయ్రీస్ శ్రవణనాడిని విద్యుత్తుతో ప్రేరేపించారు. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందం బహుళ ఎలక్ట్రోడ్ల పరికరాన్ని అమర్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం ఈ ఖరీదైన చికిత్సను పేద కుటుంబాల పిల్లలకు చేరువ చేసింది. విశాఖపట్నంలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల దేశీయ పరికరాన్ని రూపొందించింది. అయితే వినికిడి కలగడం వేరు, భాష అలవడడం వేరు. ఈ రెంటి నడుమ తెలుగు భాషాధ్యయనం చేయదగిన పనిని సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

పరికరం పనితీరు:
చెవి వెనుక ధరించే ప్రాసెసర్ శబ్దాన్ని పౌనఃపున్యాల వారీగా విభజించి, చర్మం కింద అమర్చిన భాగానికి రేడియో తరంగాల ద్వారా పంపుతుంది. అక్కడినుండి విద్యుత్ స్పందనలు లోపలి చెవిలోని కర్ణావర్తంలో ఉన్న ఎలక్ట్రోడ్లకు చేరి, శ్రవణనాడిని ప్రేరేపిస్తాయి. కర్ణావర్తం మొదలు హెచ్చు పౌనఃపున్యాలను, కొస తక్కువ పౌనఃపున్యాలను గ్రహిస్తుంది. ఎలక్ట్రోడ్లకు సంకేతాలను ఆ క్రమంలోనే పంచుతారు. సహజమైన చెవిలో సుమారు 3,500 అంతర రోమకణాలు ఉండగా, సాధారణంగా వాడే పరికరాలలో ఎలక్ట్రోడ్లు 12 నుండి 22 వరకు మాత్రమే. పైగా ఒక ఎలక్ట్రోడు విద్యుత్తు పక్కదాని పరిధిలోకి వ్యాపించడం వల్ల సూక్ష్మభేదాలు మసకబారతాయి.

తెలుగు ధ్వనులు:
ఈ పరికరం ధ్వనుల కాలప్రమాణాన్ని బాగా అందిస్తుంది. ఉచ్చారణ స్థానభేదాన్ని అంత స్పష్టంగా అందించలేదు. దీనినిబట్టి 'పడు–పాడు' వంటి హ్రస్వదీర్ఘ భేదం, 'కను–కన్ను' వంటి ద్విత్వభేదం శిక్షణలో తొలి మెట్లు కాగలవని, 'పాత–పాట' వంటి దంత్య మూర్ధన్య భేదం కష్టతరమని ఊహించవచ్చు. ఈ ఊహను పిల్లల వినికిడితో పరీక్షించి నిర్ధారించవలసి ఉంటుంది. ఇంగ్లీషులో హ్రస్వదీర్ఘాలు, దంత్యమూర్ధన్యాలు తెలుగులో వలె అర్థభేదకాలు కావు. కనుక ఇంగ్లీషు పదపట్టికల అనువాదం ఇక్కడ చాలదు.

పదాల ఎంపికలో ప్రాంతం కూడా ముఖ్యమే. కోనసీమ శిశువు ఇంట వినేది 'అండి', 'ఆయ్'లతో సాగే గోదావరి వ్యవహారం. శిక్షణలో వాడే మాటలు ఆ ఇంటి మాటలే అయితే, నేర్చినది వెంటనే వాడుకలోకి వస్తుంది.

ముగింపు:
పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు తొలి సంవత్సరాలలోనే పరికరం అమర్చినప్పుడు భాషాభివృద్ధి మెరుగ్గా ఉంటుంది. ఆ వయసు దాటితే కలిగే నష్టాన్ని పూడ్చడం కష్టం. శస్త్రచికిత్స తరువాత దీర్ఘకాలం సాగే వాక్ శ్రవణ శిక్షణకు ఒకే ధ్వనితో భేదించే పదాల జంటలు, ప్రాంతీయ పదపట్టికలు అవసరం. గోదావరి జిల్లాల కళాశాలలలోని తెలుగు శాఖలు శ్రవణ నిపుణులతో కలిసి వీటిని సమకూర్చగలవు. ధ్వనిశాస్త్ర, మాండలిక పరిశోధనలకు ఇది ప్రత్యక్ష ప్రయోజనం గల క్షేత్రం.