బకెట్ ఎందుకు పెళుసెక్కుతుంది?

కొత్త బకెట్‌ను నొక్కి చూడండి. కొద్దిగా వంగుతుంది. వదిలితే మళ్ళీ మామూలుగా నిలబడుతుంది. అదే బకెట్ రెండేళ్ళు ఎండలో ఉంటే ఏమవుతుంది? రంగు వెలిసిపోతుంది. పైన తెల్లగా పొడి తేలుతుంది. ఒక రోజు నీళ్ళతో ఎత్తగానే చెవి పుటుక్కున విరిగిపోతుంది.

యూరియా సంచిని దడికి కట్టినా అంతే. ఎండలకు పీచు పీచుగా రాలిపోతుంది. ఆ పీచు మట్టిలో కలుస్తుంది.

ఇనుము తుప్పు పడుతుంది. కర్రకు చెద పడుతుంది. ప్లాస్టిక్‌కు తుప్పూ లేదు, చెదా లేదు. మరి ఎందుకు పాడైంది?

ఎండ, గాలి చేసే పని

ప్లాస్టిక్‌ను ఎక్కువగా ముడి చమురు నుంచి, సహజ వాయువు నుంచి తయారు చేస్తారు. దాని లోపల కంటికి కనబడని పొడవైన గొలుసులు ఉంటాయి. గొలుసులు పొడుగ్గా ఉన్నంత కాలం వస్తువు గట్టిగా ఉంటుంది.

ఎండలో కంటికి కనబడని కిరణాలు కొన్ని ఉన్నాయి. వాటిని అతినీలలోహిత కిరణాలు అంటారు. అవి గొలుసులను తెంపుతాయి. తెగిన చోట గాలిలోని ప్రాణవాయువు వచ్చి చేరుతుంది. అక్కడితో ఆగదు. పక్క గొలుసూ దెబ్బ తింటుంది. దాని వల్ల ఇంకొకటి. పూరిళ్ళ వాడలో ఒక ఇంటికి నిప్పంటుకుంటే వరసగా అన్నీ అంటుకున్నట్టు ఉంటుంది ఈ పని. చివరికి గొలుసులన్నీ తునకలవుతాయి. వస్తువు పెళుసెక్కుతుంది.

నూనె నేర్పే పాఠం

ఈ సంగతి వంటింట్లో ఆడవాళ్ళు రోజూ చూసేదే. నూనె సీసాకు మూత పెట్టకుండా వెలుతురులో ఉంచితే కొన్నాళ్ళకు ముక్క వాసన వస్తుంది. అదీ ప్రాణవాయువు పనే. ప్లాస్టిక్ పెళుసెక్కడం, నూనె ముక్క వాసన రావడం చాలావరకు ఒకే రకం చెడు.

అయితే అన్ని నూనెలూ ఒకేలా చెడిపోవు. ఆవకాయలో నువ్వుల నూనె పోస్తారు. రుచి కోసమే కాదు. నువ్వుల నూనె తొందరగా చెడదు. గాలి దెబ్బను ఆపే పదార్థాలు అందులోనే ఉన్నాయి.

విటమిన్ ఇ కూడా అలాంటి పదార్థమే. నూనె గింజల్లో, ఆకుకూరల్లో అది ఉంటుంది. 1922లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇవాన్స్, బిషప్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని కనిపెట్టారు.

ఇవి ఎలా కాపాడతాయి? పూరిళ్ళ వాడలో నిప్పు పుడితే మధ్యలో ఒక గుడిసె పీకేస్తారు. మంట అక్కడ ఆగిపోతుంది. మిగతా ఇళ్ళు నిలుస్తాయి. ఈ పదార్థాలూ అంతే. తాము దెబ్బ తింటాయి. గొలుసులను నిలబెడతాయి.

ఫ్యాక్టరీలో ఏం కలుపుతారు?

ఫ్యాక్టరీ వాళ్ళు ప్లాస్టిక్‌ను కరిగించేటప్పుడే కాపాడే మందు కలుపుతారు. గాలి దెబ్బకు విరుగుడు వంద కిలోల ప్లాస్టిక్‌కు తరచుగా అర కిలో కూడా పట్టదు. అది లేకపోతే కరిగించే వేడికే ప్లాస్టిక్ చెడడం మొదలవుతుంది.

నీళ్ళ గొట్టాలు, డ్రిప్ పైపులు నల్లగా ఎందుకు ఉంటాయి? వాటిలో మెత్తని మసి కలుపుతారు. వంద కిలోలకు రెండు, రెండున్నర కిలోల మసి. అది ఎండ కిరణాలను పీల్చుకుంటుంది. లోపలి గొలుసులకు దెబ్బ తగలనివ్వదు.

గాలి దెబ్బకు వాడే మందుల్లో ఎక్కువ భాగం రసాయనాలతో చేసినవే. వాటిలో కొంత మెల్లగా బయటికి రావచ్చు. నూనె, వేడి కూర తగిలితే ఇంకా సులువుగా వస్తుంది. అందుకే తిండి వస్తువులు పెట్టే ప్లాస్టిక్‌లో ఏ మందు ఎంత కలపాలో కట్టుబాట్లు ఉన్నాయి. అందుకే శాస్త్రవేత్తలు చెట్ల వైపు, గింజల వైపు కూడా చూస్తున్నారు. మనిషి తినే వాటిలోనే మందు దొరికితే మేలు కదా!

మోకాలిలో విటమిన్ ఇ

మోకాళ్ళు బాగా అరిగిన వాళ్ళకు ఆపరేషన్ చేసి కొత్త కీలు పెడతారు. అందులో రెండు లోహపు భాగాల మధ్య ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. నడిచిన ప్రతిసారీ ఒరిపిడి దాని మీదే పడుతుంది.

పూర్వం ఆ బిళ్ళలను క్రిములు లేకుండా చేయడానికి గామా కిరణాలు పెట్టేవారు. తర్వాత గాలి తగిలేలా నిలవ చేసేవారు. కొన్ని బిళ్ళలు పెట్టెలో ఉండగానే పెళుసెక్కాయి. ఒంట్లో పెట్టాక తొందరగా అరిగిపోయాయి. మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 1990ల నాటికి కారణం తెలిసింది. ప్రాణవాయువు దెబ్బే!

దానికి దొరికిన విరుగుళ్ళలో విటమిన్ ఇ ఒకటి. ఒక పద్ధతిలో కిలో ప్లాస్టిక్ పొడికి సుమారు ఒక గ్రాము కలుపుతారు. 2007 నుంచి ఇలాంటి కీళ్ళు వాడుకలోకి వచ్చాయి. గింజల్లో ఉండే పదార్థం మనిషి నడకకు సాయపడుతోంది.

పసుపు పనికొస్తుందా?

హంగేరీ దేశంలో బుడాపెస్ట్ శాస్త్రవేత్తలు పసుపులోని కర్కుమిన్‌ను ప్లాస్టిక్‌లో కలిపి చూశారు. 2013లో ఫలితం ప్రకటించారు. కరిగించే వేడిలో అది ప్లాస్టిక్‌ను బాగా కాపాడింది. కానీ ప్లాస్టిక్ పచ్చగా అయింది. ఇంకో చిక్కూ ఉంది. చీర మీద పసుపు మరక ఎండలో ఆరేస్తే పోతుంది కదా! ఎండకు పసుపే నిలవదు. ఎండలో ఉండే బకెట్‌కు అది చాలదు.

కట్టెలో లిగ్నిన్ అనే పదార్థం ఉంది. కట్టె బరువులో సుమారు నాలుగో వంతు అదే. కట్టెకు గట్టిదనం ఇచ్చేది అదే. సారపాకలోనూ రాజమహేంద్రవరంలోనూ కాగితం మిల్లులు ఉన్నాయి. కట్టెను ఉడికించి కాగితం గుజ్జు తీసేటప్పుడు లిగ్నిన్ నల్లని నీళ్ళలోకి దిగుతుంది. మిల్లులు సాధారణంగా దాన్ని బాయిలర్లలో మండిస్తాయి. ఆ లిగ్నిన్ ఎండ కిరణాలను, గాలి దెబ్బను రెంటినీ అడ్డుకోగలదు. అందుకే దాన్ని ప్లాస్టిక్‌లో కలిపి పరీక్షలు చేస్తున్నారు. రంగు మాత్రం గోధుమ రంగు వస్తుంది. తెల్ల డబ్బాకు పనికిరాదు. పొలంలో పరిచే షీటుకు రంగు అడ్డం కాదు.

మొక్కజొన్న ప్లాస్టిక్

ఇప్పుడు మొక్కజొన్న పిండి నుంచి, చెరకు నుంచి కూడా ప్లాస్టిక్ చేస్తున్నారు. అందులో ఒక రకం పేరు పి.ఎల్.ఎ. దీనికి తేమ, వేడి రెండూ శత్రువులే. సుమారు 60 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. అందుకే వడియాలు ఎండబెట్టినట్టు దీని గింజలను బాగా ఆరబెట్టి, తర్వాతే కరిగిస్తారు. దీనికీ విటమిన్ ఇ, లిగ్నిన్ కలిపి చూస్తున్నారు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. ఈ సంచి పారేశాక మట్టిలో కలవాలి. మందు ఎక్కువ కలిపితే అంత తొందరగా కలవదు. మరి ఎంత కలపాలి? పని ఎన్నాళ్ళో అన్నాళ్ళకు సరిపడా. మోకాలి బిళ్ళ ఏళ్ళ తరబడి నిలవాలి. కూరగాయల సంచి కొన్నాళ్ళు నిలిస్తే చాలు. అసలు కీలకం ఇదే.

మట్టిలో కలిసే సంచి అని చెప్పి అమ్మితే దాని మీద ముద్ర చూడండి. వాటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. అలాంటి సంచినైనా కాలవలో పారేయకూడదు. చాలా సంచులు మట్టి కావడానికి ఎరువు తయారు చేసే చోట ఉండే వేడి, తేమ కావాలి.

ఇంట్లో ఏం చేయాలి?

ఇంట్లో బకెట్‌కు పసుపు రాసినా, నూనె రాసినా లాభం లేదు. మందు కరిగేటప్పుడే లోపల కలవాలి. కానీ చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి.

బకెట్, బిందె, కుర్చీ నీడలో పెట్టండి. దెబ్బ కొట్టేది ఎండే.

పొడి రాలే డబ్బాలో తాగే నీళ్ళు, పచ్చళ్ళు పెట్టకండి. పురుగుమందు డబ్బాలను ఇంటి వాడకానికి అసలు తేకండి.

వేడి కూర, నూనె స్టీలు గిన్నెలోనో గాజు సీసాలోనో పోయండి.

యూరియా సంచి పీచు రాలక ముందే దడి నుంచి తీసేయండి.

విరిగిన ప్లాస్టిక్‌ను పొయ్యిలో వేయకండి. ఆ పొగ మొదట సోకేది వండే మనిషికే.

"మూలికలతో చేసిన ప్లాస్టిక్, ఏం కాదు" అని ఎవరైనా అమ్మజూపితే అడగండి. ఏం కలిపారు? తిండికి పనికొస్తుందని ఎవరు పరీక్ష చేశారు? అడగడం కొనేవాళ్ళ హక్కు.

చెప్పండి చూద్దాం

1. నూనెకు ముక్క వాసన ఎందుకు వస్తుంది?
2. డ్రిప్ పైపులు నల్లగా ఎందుకు ఉంటాయి?
3. ఎండలో ఉండే బకెట్‌కు పసుపు ఎందుకు చాలదు?
4. మీ ఇంట్లో ఎండలో ఉన్న ప్లాస్టిక్ వస్తువులు ఎన్ని? వాటి పేర్లు రాయండి.