పలచటి పొరకు వూఫర్ తోడెందుకు?

హైదరాబాద్ చెవులకు సంగీతం అలవాటు చేసిన పేటల్లో అబిడ్స్, నాంపల్లిలది ముందు వరస. 1930వ దశకంలో అబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్‌లో 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో మొదలైన రేడియో కేంద్రం నిజాం ప్రభుత్వం చేతికి వెళ్లి దక్కన్ రేడియోగా పేరు తెచ్చుకుంది. 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. నాంపల్లిలో యూసుఫైన్ దర్గా ఖవ్వాలీ ఉంది. నాలుగడుగులు వేస్తే రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. ఇలాంటి చోట కాపురముంటూ, మంచి పాటను మంచిగా వినాలని డబ్బు కూడబెట్టుకునేవాళ్లు ఎప్పుడో ఒకసారి ఎలక్ట్రోస్టాటిక్ హైబ్రిడ్ స్పీకర్ల దగ్గర ఆగుతారు. నిలువెత్తు జల్లెడలాంటి పలక, దాని అడుగున మంద్ర స్వరాలు పలికే వూఫర్ ఉన్న ఒక డబ్బా, లక్షల్లో ధర. కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇంత పలచటి పొర ఎలా పాడుతుంది?

మామూలు స్పీకర్‌లో ఒక కాగితపు కోను, దాని మెడకు రాగితీగ చుట్ట, చుట్ట చుట్టూ అయస్కాంతం ఉంటాయి. కరెంటు చుట్టను ముందుకూ వెనక్కూ నెడుతుంది, చుట్ట కోనును నెడుతుంది. నెట్టేది మెడ దగ్గర మాత్రమే కనుక, స్వరం పైకి వెళ్లే కొద్దీ కోను అంచు మెడతో కలిసి కదలలేక వంకర్లు పోతుంది. ఆ వంకర అసలు పాటలో లేని రంగును స్వరానికి పూస్తుంది.

ఎలక్ట్రోస్టాటిక్ పలకలో అయస్కాంతం లేదు, చుట్ట లేదు. చిల్లులున్న రెండు ఉక్కు రేకుల నడుమ, వాటికి తగలకుండా, బిగించి కట్టిన ప్లాస్టిక్ పొర ఉంటుంది. మంచినీళ్ల సీసాలు చేసే పెట్ జాతి ప్లాస్టికే. మందం సుమారు 12 మైక్రాన్లు. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఆ పొరకు కరెంటు అతి కొద్దిగా పారే పూత పూసి, కొన్ని వేల వోల్టుల విద్యుదావేశం ఎక్కిస్తారు. ఆంప్లిఫయర్ నుంచి వచ్చే సంకేతాన్ని ఒక ట్రాన్స్‌ఫార్మర్ అనేక రెట్లు పెంచి రెండు రేకులకూ ఎదురెదురుగా అందిస్తుంది. ఒక రేకు ధనమైనప్పుడు రెండోది రుణం. ఒకటి లాగుతుంది, ఇంకొకటి నెడుతుంది. పొర మొత్తం, అంచు నుంచి అంచు దాకా, ఒకేసారి కదులుతుంది.

రెండు రేకులే ఎందుకు? ఒక్క రేకే ఉంటే, పొర దానికి దగ్గరయ్యే కొద్దీ లాగే బలం పెరిగిపోయి పాట వక్రిస్తుంది. రెండింటి నడుమ పెట్టి, పొర మీది ఆవేశం అటూ ఇటూ పరుగెత్తకుండా పూతను ఎక్కువ నిరోధంతో చేస్తే, పొర ఎక్కడున్నా దాని మీద పడే బలం సంకేతానికి అనుపాతంలో ఉంటుంది. ఈ సూత్రాన్ని ఇళ్లలోకి తెచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన పీటర్ వాకర్. ఆయన సంస్థ క్వాడ్ 1957లో అమ్మకానికి తెచ్చిన పలకలను మరమ్మతులు చేయించుకుంటూ ఇప్పటికీ వినేవాళ్లున్నారు.

తేలికదనం వల్ల లాభం ఏమిటి?

లెక్క వేసి చూడండి. 12 మైక్రాన్ల పొర ఒక చదరపు మీటరు బరువు 17 గ్రాములకు మించదు. అదే వైశాల్యంలో సుమారు 14 మిల్లీమీటర్ల మందాన ఉన్న గాలి బరువు కూడా అంతే. అంటే ఈ పొరను కదపడం దాదాపు గాలిని కదపడమే. సంకేతం రాగానే కదులుతుంది, ఆగగానే ఆగుతుంది. పలక వెనక డబ్బా ఉండదు కనుక డబ్బా గోడల మోత కూడా ఉండదు.

దీని ఫలితం తంబూరలో వెంటనే తెలుస్తుంది. తీగ కింద జీవాళి దారం సరిగ్గా కుదిరినప్పుడు ఒక్క మీటులోంచి పుట్టుకొచ్చే అనుస్వరాలు ఒకదాని వెంట ఒకటి విచ్చుకుంటాయి. మామూలు స్పీకర్లు చాలావాటిలో అవి కలిసిపోయి ఒక ఝంకారంగా వినిపిస్తాయి. ఇక్కడ విడివిడిగా వినిపిస్తాయి. వీణ మీద గమకం లాగినప్పుడు మెట్టు మీద తీగ రాసుకునే చప్పుడు, పాటలో ‘స’కీ ‘శ’కీ ఉన్న తేడా, వాక్యం చివర గాయకుడు తీసుకునే ఊపిరి కూడా అంతే.

అయితే వూఫర్ ఎందుకు?

పొర బలహీనత మంద్రంలో బయటపడుతుంది. కారణాలు రెండు. మొదటిది కదలిక. ఒకే గట్టిదనంతో వినిపించాలంటే స్వరం ఒక స్థాయి దిగిన ప్రతిసారీ పొర నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. రేకుల మధ్య ఖాళీ ఉండేదే కొద్ది మిల్లీమీటర్లు. ఊగడానికి చోటు చాలదు.

రెండోది, పలక ముందుకు ఎంత పాడుతుందో వెనక్కీ అంతే పాడుతుంది, కాకపోతే తలకిందులుగా. పొర ముందుకు వెళ్తే ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనకున్న గాలి పలచనవుతుంది. 60 హెర్ట్జ్ స్వరం అలపొడవు సుమారు 5.7 మీటర్లు. అంత పొడవైన అల ఒక అడుగు వెడల్పున్న పలక చుట్టూ సులువుగా తిరిగి వచ్చి ఎదుటి అలను చెరిపేస్తుంది.

దారులు రెండే మిగిలాయి. పలకను తలుపంత పెద్దది చేయడం ఒకటి, మంద్రాన్ని వేరేవాళ్లకు అప్పగించడం రెండు. అమెరికాలో ఆర్థర్ జాన్సెన్ చేసిన ఎలక్ట్రోస్టాటిక్ ట్వీటర్లను (పై స్వరాల స్పీకర్లను) 1950వ దశకం నడుమనే అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ వూఫర్ డబ్బాతో జతకట్టి విన్నారు. 1980వ దశకంలో కాన్సాస్ రాష్ట్రంలోని మార్టిన్‌లోగన్ కంపెనీ పలకను విల్లులా వంచి, కింద వూఫర్ పెట్టి అమ్మింది. వంపు ఎందుకంటే, చదునైన పెద్ద పలక పై స్వరాలను సన్నటి వెలుతురు చారలా ఒకే దిక్కుకు పంపుతుంది. వంచితే అవి కొంచెం విచ్చుకుంటాయి.

రెండు గొంతుల అతుకు చెవికి తెలుస్తుందా?

హైబ్రిడ్‌లో అసలు పరీక్ష ఇదే. పలకకూ వూఫర్‌కూ హద్దు సాధారణంగా 250 నుంచి 500 హెర్ట్జ్‌ల నడుమ ఉంటుంది. మన సంగీతానికి ఈ హద్దు చాలా కీలకమైన చోట పడుతుంది. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి మధ్య షడ్జం సుమారు 131 హెర్ట్జ్, మంద్ర షడ్జం 65. ఐదో శ్రుతిలో పాడే గాయని మధ్య షడ్జం 196, తార షడ్జం 392. అంటే ఒకే గొంతులో అడుగు స్వరం వూఫర్ నుంచీ, దాని అనుస్వరాలు పొర నుంచీ వస్తాయి. తంబూర మంద్ర తీగదీ అదే సంగతి. ఇద్దరూ ఏకకంఠంగా పలికితేనే గాయకుడు గదిలో నిలబడతాడు.

ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, ఎత్తైన పలక నుంచి వచ్చే ధ్వని దూరంతో మెల్లగా తగ్గుతుంది, వూఫర్ ధ్వని తొందరగా తగ్గుతుంది. మీరు కుర్చీ వెనక్కి జరిపితే ఇద్దరి పాళ్లు మారిపోతాయి. చాలా నమూనాల్లో వెనకవైపు వూఫర్ పాలు పెంచి తగ్గించే మీట ఉంటుంది. దాన్ని సరిచేయడానికి మృదంగం ఉన్న రికార్డింగు పెట్టుకోండి. ఎడమవైపు తొప్పి, కుడివైపు మూత ఒకే వాయిద్యం మీద, ఒకే మనిషి చేతుల్లో మోగుతున్నట్టుండాలి. తొప్పి వేరే గదిలోంచి వస్తున్నట్టుంటే వూఫర్ పాలు ఎక్కువైంది. మృదంగం సన్నబడి కంజిరలా తోస్తే తక్కువైంది. మార్చింది ఏదైనా రెండు మూడు రోజులు విని, తర్వాతే మళ్లీ చెయ్యి పెట్టండి.

గదిలో ఎక్కడ నిలపాలి?

గోడకు ఆనించి పెట్టకూడదు. వెనక్కి వెళ్లిన పాట గోడకు తగిలి తిరిగి వస్తుంది. పలక గోడకు ఒక మీటరు ముందుంటే ఆ తిరిగొచ్చిన పాట సుమారు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అంత ఆలస్యాన్ని చెవి గది విశాలంగా తీసుకుంటుంది. అడుగు దూరంలోనే ఉంటే అసలు పాటతో కలిసి దాన్ని మసకబారుస్తుంది. అందుకే కనీసం మూడడుగులు వదలాలి.

అబిడ్స్ చుట్టుపక్కల పాత ఇళ్లకు ఎత్తైన కప్పులు, మందపాటి గోడలు ఉంటాయి. కొత్త ఫ్లాట్లలో నున్నటి సిమెంటు గోడలు, మెరిసే టైల్సు. టైల్సు మీద తివాచీ పరవండి. వెనక గోడకు పుస్తకాల అలమర పెట్టండి. ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంటు మీద ఏరుకొచ్చిన రకరకాల సైజుల పుస్తకాలు ఈ పనికి ఎంతో బాగా ఉపయోగపడతాయి. ఎగుడుదిగుడు వరసలు ధ్వనిని చెదరగొడతాయి. పక్క గోడలతో బెంగ తక్కువ, ఎందుకంటే పలక తన పక్కలకు చాలా తక్కువ ధ్వని పంపుతుంది.

రెండు స్పీకర్లూ, మీ కుర్చీ సమబాహు త్రిభుజంగా ఉండేట్టు చూసుకోండి. వంపు పలకలకు ఒక సులువైన పద్ధతి ఉంది. కుర్చీలో కూర్చుని, గడ్డం దగ్గర టార్చి పట్టుకుని పలక మీద వేయండి. మెరుపు ప్రతిబింబం పలక లోపలివైపు మూడో వంతులో కనిపించేదాకా స్పీకర్‌ను తిప్పండి. ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి: ఈ స్పీకర్లు ఆ ఒక్క కుర్చీకే పూర్తిగా పాడతాయి. పక్కన కూర్చున్నవాళ్లకు అందులో కొంత తగ్గుతుంది.

ఏ ఆంప్లిఫయర్ కావాలి?

కరెంటు లెక్కలో ఈ పలక ఒక కెపాసిటర్. స్వరం పైకి వెళ్లే కొద్దీ దాని నిరోధం పడిపోతుంది. పేరుకు 4 ఓమ్‌లని రాసి ఉన్నా, కొన్ని నమూనాల్లో 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1 ఓమ్ కంటే దిగుతుంది. నాసిరకం ఆంప్ వేడెక్కుతుంది, లేదా తనను తాను కట్టేసుకుంటుంది. వాల్వ్ ఆంప్‌లలో చాలావాటితో పై స్వరాలు నీరసిస్తాయి. దుకాణంలో వాట్లు ఎన్నని అడిగేముందు, 2 ఓమ్‌ల లోడు మీద నిలకడగా నడుస్తుందా అని అడగండి. స్పీకర్ తీగలు పొట్టిగా, మందంగా ఉంటే చాలు.

దుమ్ము, వాన, కరెంటు సంగతి?

ఆవేశం ఎక్కిన పొర దుమ్మును లాక్కుంటుంది. అబిడ్స్ రోడ్డు మీదికి తెరుచుకునే కిటికీ ఉంటే ఇది చిన్న విషయం కాదు. అగరుబత్తి, సాంబ్రాణి పొగ కూడా అక్కడికే చేరుతుంది. దేవుడి గది వేరే ఉంటే మేలు. శుభ్రం చేయాలంటే ముందు రోజు రాత్రే ప్లగ్గు తీసేయండి. ఆవేశం పూర్తిగా దిగాక, మెత్తటి బ్రష్షు తగిలించిన వాక్యూమ్ క్లీనర్‌తో ముందూ వెనకా దుమ్ము లాగండి. తడిగుడ్డ, స్ప్రే వద్దు. మీ నమూనా పుస్తకంలో వేరే మాట ఉంటే దాన్నే పాటించండి.

వానాకాలంలో గాలిలో తేమ పెరిగితే ఆవేశం కారిపోయి ధ్వని తగ్గుతుంది, ఒక్కోసారి చిటపటలు వినిపిస్తాయి. కిటికీలు మూసి, ఏసీని డ్రై మోడ్‌లో కాసేపు నడిపితే సాధారణంగా సర్దుకుంటుంది. ఉప్పుగాలి తగిలే విశాఖపట్నం, మచిలీపట్నం ఇళ్లతో పోలిస్తే హైదరాబాద్ వాతావరణం ఈ పలకలకు అనుకూలమే. చిటపటలు ఆగకపోతే ప్లగ్గు తీసి మెకానిక్‌ను పిలవండి. లోపల వేల వోల్టులుంటాయి కనుక మీకు మీరుగా విప్పకండి.

ప్రతి స్పీకర్‌కూ గోడ ప్లగ్గు కావాలి. వాడే కరెంటు బాగా తక్కువ, కానీ ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కోఠి గుజరాతీ గల్లీలో మంచి సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి తీసుకోండి. ఏళ్లు గడిచే కొద్దీ పొర పూత బలం తగ్గుతుంది. అప్పుడు రెండు పలకలూ ఒకేసారి మార్చాలి. ఆ ఖర్చును మొదటి రోజే లెక్కలో వేసుకోండి.

వీధి చప్పుడులో, ఇరుగుపొరుగు మధ్య వినగలమా?

అబిడ్స్ లాంటి వ్యాపార ప్రాంతాలకు చట్టం పెట్టిన శబ్ద పరిమితి పగలు 65 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 55. అంత చప్పుడులో వినడం కష్టమే, ఎందుకంటే పలక గొప్పతనమంతా సన్నటి వివరాల్లో ఉంది. ఆటోల హారన్ల కింద అవే ముందు మునిగిపోతాయి. అందుకే ఇవి రాత్రి పొద్దుపోయాకా, తెల్లవారుజామునా బాగా పలుకుతాయి. మెల్లగా పెట్టినా మాట తేటగా ఉండటం వీటి వరం. గోడలూ శ్లాబులూ దాటి పక్కింటికి వెళ్లేది వూఫర్ మోత. దాని పాలు రాత్రిపూట కొంచెం తగ్గిస్తే పై ఇంటివాళ్లకు ఇబ్బంది ఉండదు.

ఇంతకీ ఎవరు కొనాలి?

కూర్చుని వినేవాళ్లు కొనాలి. గొంతు, వీణ, వయొలిన్, ఖవ్వాలీ, గజల్ వినేవాళ్లు కొనాలి. ఇల్లంతా తిరుగుతూ వినాలనుకునేవాళ్లకూ, పెళ్లి సందడిలో డప్పు దద్దరిల్లాలనుకునేవాళ్లకూ మంచి డబ్బా స్పీకర్లే తగినవి. గోడ నుంచి మూడడుగులు వదలలేని గదికి ఇవి వద్దే వద్దు.

కొనేముందు ఒక పని చేయండి. మైకు లేకుండా ఎవరైనా తంబూర మీటి పాడుతుంటే దగ్గర కూర్చుని వినండి. సంగీతం నేర్పే ఇల్లు మీ పేటలోనే ఒకటి దొరుకుతుంది. ఆ ధ్వనిని చెవిలో పెట్టుకుని దుకాణానికి వెళ్లండి, మీకు బాగా తెలిసిన రికార్డింగునే పెట్టించుకోండి, కనీసం గంటసేపు కూర్చోండి. టేపుతో గది కొలిచాకే డబ్బు చెల్లించండి.