నూర్బర్గ్‌రింగ్ రాణి సబీనే ష్మిట్స్

కారు రేసు అనగానే మనకు ఫార్ములా వన్, మైకేల్ షుమాకర్ గుర్తుకు వస్తాయి. కానీ రేసుల్లో వేరే రకాలు కూడా ఉన్నాయి. రోడ్డు మీద తిరిగే కార్లనే పోటీకి తగినట్లు మార్చి నడిపితే అది టూరింగ్ కార్ రేసింగ్. గంటల తరబడి సాగే పోటీ ఎండ్యూరెన్స్ రేసింగ్. ఈ రెండింటిలోనూ పేరు తెచ్చుకున్న జర్మన్ మహిళ సబీనే ష్మిట్స్.

ఆమె 1969లో పశ్చిమ జర్మనీలోని అడెనౌలో జన్మించారు. దగ్గరలోని నూర్బర్గ్ గ్రామంలో ఆమె తల్లిదండ్రులు హోటల్ నడిపేవారు. సబీనే కూడా హోటల్ పనిలోనే శిక్షణ పొందారు. ఆ ఊరి చుట్టూ ఉన్నదే ప్రసిద్ధ నూర్బర్గ్‌రింగ్ ట్రాక్.

1927లో ప్రారంభమైన ఈ ట్రాక్‌లో పాత ఉత్తర భాగం సుమారు 21 కిలోమీటర్లు. అడవుల మధ్య కొండలు ఎక్కుతూ దిగుతూ 70కి పైగా మలుపులు తిరుగుతుంది. ఒక చోట ఎండ కాస్తుంటే మరో చోట వాన కురుస్తుంటుంది. అందుకే జాకీ స్టీవర్ట్ దీన్ని 'పచ్చని నరకం' అన్నారు. 1976లో నికీ లౌడా ఘోర ప్రమాదానికి గురైన తరువాత ఈ భాగంలో ఫార్ములా వన్ పోటీలు మళ్ళీ జరగలేదు.

ఇక్కడ ఏటా 24 గంటల రేసు జరుగుతుంది. ఒక్కో కారును కొందరు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. వందకు పైగా కార్లు ఒకేసారి పరుగెడతాయి. చీకటిలో, పొగమంచులో మలుపు కనిపించక ముందే అది ఎటు తిరుగుతుందో డ్రైవరుకు తెలిసి ఉండాలి. ఇక్కడ ఇంజను బలం ఒక్కటే చాలదు, దారి కంఠతా రావాలి.

సబీనేకు ఆ దారి కంఠతా వచ్చు. 1996లో బీఎండబ్ల్యూ ఎం3 కారులో యోహానెస్ షైడ్, హాన్స్ విడ్మన్‌లతో కలిసి ఆ రేసు గెలిచారు. దాన్ని గెలిచిన మొదటి మహిళ ఆమే. 1997లో మళ్ళీ గెలిచారు. 2008లో పోర్షే కారులో మూడో స్థానం సాధించారు.

రేసులు లేని రోజుల్లో సందర్శకులను ఎక్కించుకొని బీఎండబ్ల్యూ 'రింగ్ ట్యాక్సీ' నడిపేవారు. 2004లో బీబీసీ 'టాప్ గేర్' వ్యాఖ్యాత జెరెమీ క్లార్క్‌సన్ ఒక డీజిల్ జాగ్వార్‌లో 9 నిమిషాల 59 సెకన్లలో చుట్టు పూర్తి చేస్తే, అదే కారును ఆమె 9 నిమిషాల 12 సెకన్లలో తిప్పారు. మరుసటి సంవత్సరం సామాన్లు మోసే ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యానుతో ప్రయత్నించి 10 నిమిషాల 8 సెకన్లలో ముగించారు. 10 నిమిషాల లోపు రావాలన్న లక్ష్యం కొద్దిలో తప్పింది. అయినా ప్రేక్షకులు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఆ వ్యాను పరుగునే.

2021 మార్చి 16న క్యాన్సర్‌తో ఆమె మరణించారు. వయసు 51 ఏళ్ళు. అదే సంవత్సరం ఉత్తర భాగంలోని మొదటి మలుపుకు ఆమె పేరు పెట్టారు.

ఇంటి పక్కనే ట్రాక్ ఉండటం ఆమె అదృష్టమని కొందరు అనవచ్చు. నిజమే. ఆమె అక్కలిద్దరూ కూడా రేసులు మొదలుపెట్టారు, కానీ కొనసాగింది సబీనే ఒక్కరే. ఆ ట్రాక్ మీద 20 వేలకు పైగా చుట్లు తిరిగి ఉంటానని ఆమె అంచనా. ట్రాక్ పక్కన పుట్టడం అదృష్టం కావచ్చు. అన్ని వేల చుట్లు తిరగడం మాత్రం అదృష్టం కాదు, మిత్రులారా!