గల్ఫ్ ప్రయాణం - తెలుసుకోవలసిన చట్టం

కొల్లేటి లంక గ్రామాల నుంచి, ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లెల నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్ వెళ్లారు. వంట చెయ్యడం, ఇల్లు ఊడవడం, పిల్లల్ని సాకడం వాళ్ల పని. దీన్నే అక్కడ ఖద్దామా పని అంటారు. అప్పు తీర్చాలని కొందరు వెళ్లారు. పిల్ల పెళ్లి చెయ్యాలని కొందరు వెళ్లారు. 2006లో కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అప్పుడు చెరువుల మీద కూలి పోగొట్టుకున్న కుటుంబాలూ ఉన్నాయి.

వెళ్లడం తప్పు కాదు. తెలియక వెళ్లడమే ముప్పు.

మన దేశంలో 1983లో వలసల చట్టం వచ్చింది. అంతకు ముందు తెల్లదొరల కాలం నాటి 1922 చట్టం ఉండేది. 1983 చట్టం ప్రకారం పనివాళ్లను పైదేశం పంపే ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. వలస వెళ్లేవాళ్ల బాగోగులు చూడటానికి ఒక అధికారి ఉంటారు. ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది.

పదో తరగతి ప్యాసవని వాళ్లకు సాధారణంగా ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఇస్తారు. దానితో కువైట్, సౌదీ, ఒమన్ వంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ఆ అధికారి అనుమతి కావాలి. ఇంటి పనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలి.

ఏజెంట్ల మోసాలు ఎక్కువయ్యాయి. అందుకని 2016లో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇలాంటి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలంది. మన రాష్ట్రంలో ఆ సంస్థ పేరు ఓంక్యాప్.

మరి మోసాలు ఆగాయా? పూర్తిగా ఆగలేదు. కొందరు ఏజెంట్లు దొడ్డిదారి పట్టారు. విజిట్ వీసా మీద పంపడం మొదలుపెట్టారు. విజిట్ వీసా చుట్టపు చూపుకే గాని పనికి కాదు. అలా వెళ్లిన మనిషి పేరు అనుమతి పొందిన వాళ్ల లెక్కలో ఉండదు. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా చూపించడానికి ఒప్పందం కాగితం ఉండదు.

అనుమతితో వెళితే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు కట్టాలి. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు వస్తుంది.

కువైట్ కూడా 2015లో ఇంటి పనివాళ్ల కోసం చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. యజమాని పాస్‌పోర్టు లాక్కోకూడదు. అయితే నాలుగు గోడల మధ్య ఈ చట్టం అమలు కావడం కష్టం. అందుకే మన హక్కు మనకు ముందే తెలిసుండాలి.

1983 చట్టం పాతబడింది. దాన్ని మార్చాలని కేంద్రం 2021లో ఒక ముసాయిదా, 2025లో మరో ముసాయిదా ప్రజల ముందు పెట్టింది. చట్టం ఏది వచ్చినా కాగితం చదువుకోవడం మన చేతిలో పని.

వెళ్లే ముందు ఇవి చూడండి:
వీసా మీద ఏ పని రాసుంది?
ఒప్పందంలో జీతం ఎంత?
ఏజెంటుకు లైసెన్సు ఉందా?
పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో పెట్టారా?

చదవకుండా వేలిముద్ర వెయ్యొద్దు. సంతకమూ పెట్టొద్దు. అనుమానం వస్తే 1800 11 3090కి ఫోన్ చెయ్యండి. ఇది ప్రభుత్వ నంబరు. మన దేశంలో నుంచి చేస్తే డబ్బు పడదు.

చర్చించండి: మీ ఊరి నుంచి గల్ఫ్ వెళ్లిన వాళ్లలో ఎందరి ఇంట్లో ఒప్పందం నకలు ఉంది?